వెనక సీటు నుంచి ఊఁ

1989 జూన్ పదకొండు, ఆదివారం. ఆ రోజు తిన్నది రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, చివర్లో ఇద్దరికీ కలిపి ఒక బేనీషా మామిడిపండు. పనపాకం దాటాక రోడ్డు పక్కన చింతచెట్టు కింద కొత్త బండికి స్టాండు వేస్తే, పంకజాక్షి టిఫిను క్యారియర్ విప్పింది. చిత్తూరు నుంచి తిరుపతికి పెళ్లాన్ని బండి మీద తీసుకుపోవడం మునిరత్నానికి అదే మొదలు. చేతులు కడుక్కుని మళ్లీ బండెక్కేటప్పుడు ఆమె ఒక ఏర్పాటు చేసింది.

"మీరు ముందర సూసుకోండి. ఎనక నేను సూస్తా. ఏమీ రాకుంటే ఊఁ అంటా. ఊఁ అంటేనే తిప్పాల, లేకుంటే తిప్పగూడదు."

"నువ్వు నిద్రపోతే?"

"అట్లయితే యాడికీ తిరగొద్దు. నేరుగా పోతానే ఉండండి."

ఆ బండి పోయి ఇంకొకటి వచ్చింది, అదీ పోయి ఇప్పటిది వచ్చింది. చిత్తూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పీ చెప్పీ మునిరత్నం జుట్టు నెరిసింది. ఊఁ మాత్రం మారలేదు. మలుపు దగ్గర బండి నెమ్మదిస్తే చాలు, భుజం వెనక నుంచి వచ్చేది. ఇక ఆయనకు అద్దాలతో పనేముంది? ఎడమ అద్దం ఎప్పుడూ ఆమె మొహం వైపే తిరిగి ఉండేది. గాలికి జారిన పూలు అందులో చూసుకుని సర్దుకునేది.

పంకజాక్షి పోయి నాలుగేళ్లయింది. రిటైరయ్యాక ఆయన తిరుపతిలో కూతురు రేవతి ఇంటికి వచ్చేశాడు. ఆదివారం పొద్దున బండి తీసుకుని పనపాకం దాకా పోయి వచ్చేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్టు పోయింది గానీ నీడ పడిన చోటు ఆయనకు గుర్తే. అక్కడ కాసేపు నిలబడి, సీసాలో నీళ్లు తాగి, తిరిగి వచ్చేవాడు. బస్సులో పోయినా అదే రోడ్డు కదా అంటే కాదు. బస్సులో ఆ చోటు కిటికీలో వచ్చి, గుర్తుపట్టేలోపు వెళ్లిపోయేది.

మొన్న ఫిబ్రవరిలో వీధి మలుపు దగ్గర ఒక ఆటో ఆయన బండిని కొట్టింది. భుజం దగ్గర ఎముక విరిగింది. రేవతి ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. తండ్రి చెయ్యి తనే సాగదీసి, తనే నయం చేసి, బండి తాళం మాత్రం బీరువాలో పెట్టేసింది.

"దినామూ నేను సూసేది కాళ్లూ చేతులూ ఇరగ్గొట్టుకున్నోళ్లనే. ఇంట్లో గూడా సూడల్నా నాయనా?"

"ఒక్క తూరి కదమ్మా."

"ఎనక ఆటో వస్తా ఉంటే సూసుకోకుండా ఎట్ల తిప్పినావు?"

అరవై దాటిన మనిషి, ఫిజిక్సు చెప్పినవాడు, లేని మనిషి ఊఁ అంటుందని ఒక్క క్షణం ఆగి, వెనక చూడకుండానే తిప్పేశానని ఎట్లా చెబుతాడు?

చివరికి రేవతే ఒక దారి చూపింది. చంద్రగిరి దగ్గర ఒక శిక్షణ కేంద్రం ఉంది. ఏళ్లుగా బండి నడిపేవాళ్లకు మళ్లీ మొదట్నుంచి నేర్పి, అడ్వాన్స్‌డ్ రైడింగ్ టెస్టు పెడతారు. "దాంట్లో పాసయితే తాళం నీది. లేదంటే బండి అమ్మేద్దాం. ఇంక నన్ను బతిమాలగూడదు." శిక్షణకు పోయే రోజు తాళం ఇచ్చేది. రాగానే చెయ్యి చాపేది.

నేర్పేది ఫిర్దోస్ అనే ముప్పై ఏళ్ల అమ్మాయి. మొదటి రోజే బండి చుట్టూ తిరిగి ఎడమ అద్దం దగ్గర ఆగింది.

"దీంట్లో మీకేం కనపడతాది సార్?"

"ఆకాశం."

"ఆకాశంలో నుంచి లారీలు రావు సార్!" అని నవ్వి అద్దం మీద చెయ్యి వేయబోయింది.

"నేను తిప్పుకుంటా లేమ్మా," అన్నాడు ఆయన. మెల్లగా తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా ఒక దయే అనుకున్నాడు మునిరత్నం.

"అద్దం సగమే చెప్తాది. తిప్పే ముందు మెడ తిప్పి భుజం మీద నుంచి సూడల్ల. మెడ అరిగిపోదు సార్, సూడండి!" మైదానంలో ఆమె అరుస్తూనే ఉండేది. ఏర్పేడు నుంచి పెద్ద పెద్ద బళ్లు వేసుకుని వచ్చే కుర్రవాళ్లు మొదట "తాత రేసుకు పోతాడేమో రా" అని గుసగుసలాడినా, ఎనిమిది అంకె ఆకారంలో బండిని కాలు కింద పెట్టకుండా తిప్పడంలో తాతే మేలని ఒప్పుకున్నారు. మెడ తిప్పడమూ అలవాటైంది.

పరీక్ష మాత్రం రోడ్డు మీద. ఆయన ముందు, ఆమె ఇంకో బండి మీద వెనక. హెల్మెట్ లోపల చెవి దగ్గర ఒక చిన్న స్పీకరు, నోటి దగ్గర మైకు.

"కంటికి కనపడేదంతా నోటితో చెప్తా పోవల్ల సార్. మీరు ఏం సూస్తా ఉండారో నాకు తెలియాల. దారి మాత్రమే నేను చెప్తా."

బయల్దేరారు. మొదట్లో మాటలు పొడిగా వచ్చాయి. "ముందర స్పీడు బ్రేకరు. తగ్గిస్తా ఉండాను. ఎడమ పక్క కుక్క." రెండు మలుపులు మెడ తిప్పి చూసి చక్కగా దాటాడు. తర్వాత గొంతు కుదిరింది. ఎంత కాలమైంది, బండి మీద పోతూ ఒకరికి దారి చెప్పి!

"మామిడికాయల ట్రాక్టరు. పైన పడుకున్న ఆయప్ప నిద్రపోతా ఉండాడు, జారితే ఈ పక్కకే పడతాడు, నేను దూరంగానే ఉంటా. ఆడ ముసలామె రోడ్డు దాటల్నా వద్దా అని చూస్తా ఉండాది. దాటమ్మా, దాటు, నేను నిలబడినా. దాటేసింది. చేత్తో దండం గూడా పెట్టింది."

"ముందర కుడికి తిరగండి సార్," అన్నది వెనక గొంతు.

"కుడికి తిరగబోతా ఉండాను. లైటు ఏసినా. వేగం తగ్గించినా. ఎదురుగా ఏమీ లేదు. చంద్రగిరి కోట గోడ మీద ఎండ పడి బంగారం మాదిరి ఉండాది..."

"ఊఁ."

వెనక నుంచి. చెవి పక్కనే. మునిరత్నం బండి తిప్పేశాడు.

బస్సు హారను, బ్రేకుల చప్పుడు ఒక్కసారే వినిపించాయి. ఫిర్దోస్‌ను దాటి వస్తున్న బస్సు ఆయనకు చేతికందేంత దూరంలో ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు. తిట్టబోయి, నెరిసిన గడ్డం చూసి, "ఇంటికి పోయి చేరు పెద్దాయనా," అని మాత్రం అన్నాడు. దానికి ఆయన లోలోపలే చేతులెత్తి మొక్కాడు.

టీ బంకు దగ్గర బళ్లు ఆపారు. ఫిర్దోస్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నీ మెడ తిప్పి సూసినారు కదా సార్, ఈడ ఏమైంది మీకు?"

"నువ్వు ఊఁ అన్నావు కదమ్మా."

"నేనా? నేనెప్పుడు..." అని ఆగిపోయింది. "అన్నానా?"

అప్పుడు చెప్పాడు. చింతచెట్టు, ఏర్పాటు, అద్దం, ఫిబ్రవరిలో ఆటో. ఫిర్దోస్ టీ గ్లాసు కింద పెట్టింది.

"మా అమ్మమ్మ, మా నానీ, కతలు చెప్తా ఉంటే ఊఁ కొట్టకపోతే ఆపేసేది సార్. మీరు అంత బాగా చెప్తా ఉంటే పరీక్షని మరిచిపోయి కొట్టేసినట్టుండాది. తప్పు నాది గూడా. అయినా మిమ్మల్ని పాస్ చెయ్యలేను."

"చెయ్యొద్దమ్మా. మళ్లీ పెట్టు, వస్తా. మా అమ్మాయి తాళమిస్తే."

ఆ సాయంత్రం రేవతి అన్నం వడ్డిస్తుండగా ఏదీ దాచకుండా చెప్పేశాడు. బస్సు సంగతి కూడా. చెప్పి, తాళం తీసి ఆమె ముందు పెట్టాడు. "అమ్మేసేయమ్మా. నువ్వనిందే నిజం."

రేవతి తాళం తీసుకోలేదు. గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది.

"చిన్నప్పుడు నన్ను మీ ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టేవాళ్లు కదా నాయనా. గాలికి అమ్మ మాటలు నాకు యాడ వినపడతాయి? ఆ ఊఁ మాత్రం నా వీపుకి తెలిసేది. అమ్మ కడుపులో నుంచి వచ్చి నా వీపుకి తగిలేది. అది తగిల్తే బండి తిరుగుతాదని నాకు గూడా తెలుసు."

మళ్లీ గరిటె తీసుకుని ఆయన కంచంలో అన్నం వేసింది.

"ఇన్నాళ్లూ నువ్వు పరాకుగా ఉండావనుకున్నా," అన్నది. "ఇంకొక్క తూరి పోయిరా. ఈ తూరి పాస్ కాకుంటే మాత్రం అమ్మేద్దాం, నేను ఏడ్చినా సరే."

రెండోసారి మబ్బు పట్టిన మధ్యాహ్నం పెట్టింది ఫిర్దోస్. "ఈరోజు నా నోటికి ప్లాస్టరు ఏసుకున్నా అనుకోండి సార్," అన్నది. నిజంగానే దారి చెప్పడం తప్ప పలకలేదు. అదే కోట గోడ, అదే మలుపు వచ్చింది.

"కుడికి తిరగబోతా ఉండాను. లైటు ఏసినా. వేగం తగ్గించినా."

చెవిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి మునిరత్నం మెడ తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఖాళీ సీటు అంచు కనబడింది. దాని వెనక దూరంగా ఫిర్దోస్ బండి, ఆ వెనక రోడ్డంతా ఖాళీ. ముప్పై ఏళ్లూ పంకజాక్షి చూసింది ఇదన్నమాట! బాగానే ఉంది.

"ఊఁ," అన్నాడు తనకు తనే. తర్వాత తిప్పాడు.

ప్రతి మలుపు దగ్గరా అట్లాగే చూశాడు, అట్లాగే అన్నాడు. చివర్లో హెల్మెట్ తీసి ఫిర్దోస్ కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నది. "పాసయినారు సార్. ఆ ఊఁ మా పుస్తకంలో యాడా లేదు. ఉన్నా మార్కులు తగ్గించేదాన్ని కాదు."

ఇంటికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. రేవతి సంగటి కెలికి, ఊరిబిండి నూరి పెట్టింది. తాళం తనే మేకుకు తగిలించింది, ఆయన చేతికి అందేటంత ఎత్తులో. తిన్నాక మునిరత్నం బండిని వసారాలోకి తోసి స్టాండు వేశాడు. ఎడమ అద్దాన్ని ఒకసారి వెనక సీటు వైపు తిప్పి చూసి, మళ్లీ రోడ్డుకు సరిచేసి, గడప దాటి లోపలికి వచ్చాడు.

"తలుపేసేదా నాయనా?"

ఆయన మెడ తిప్పి, భుజం మీదుగా బయటికి చూశాడు. బండి ఉంది. వీధిలో ఎవరూ లేరు.

"ఊఁ," అన్నాడు.

రేవతి చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.