పుల్లన్న నోట వచ్చిన మాట

అంజనమ్మ తనకల్లు దగ్గరి ఒక పల్లెలో టీచరు. 1974లో కూలీల చేత నాటకం ఆడించాలనుకుంది. వాళ్లెవరికీ చదువు రాదు. నెలరోజులు వల్లె వేయించినా పద్యాలు నోటికి రాలేదు. విసిగిపోయి పుస్తకం మూసేసింది.

"ఆటలో మీరెవరో, మీకేం కావాల్నో నేను చెప్తా. మాటలు మీవే," అంది.

ఆ సాయంత్రం ఇద్దరు ఆడవాళ్లు బిందెడు నీళ్ల కోసం కొట్లాడే ఘట్టం ఆడారు. చూసేవాళ్లు పడీపడీ నవ్వి, కాసేపటికి నవ్వడం మానేశారు. అప్పటినుంచి ఆమె ఏ నాటకానికీ పుస్తకం పట్టలేదు. హార్మోనియం, తెరా లేని నాటకమేమిటని పద్యనాటకాల వాళ్లు ఎగతాళి చేశారు. అయినా ఆరేళ్లలో తొమ్మిది ఊళ్లలో ఆమెకు శిష్యులు తయారయ్యారు.

వాళ్లలో గట్టివాడు పుల్లన్న. బావులు తవ్వే కూలి. 1980లో వానల్లేక వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. అప్పుడు అంజనమ్మ బడి ముందు నాటకం పెట్టి, పుల్లన్నతో ఒకటే చెప్పింది: "నువ్వు రైతువి. బావి ఎండింది. కూలోడు దిగనంటాడు. ఎట్లయినా దింపాల."

కూలీగా ఇంకో శిష్యుడు ఈశ్వరప్ప నిలబడ్డాడు. "తాడు పాతదన్నా. నేను దిగను."

"ఏమప్పా, నిన్న లేని భయం ఈ పొద్దు యాడనుంచి వచ్చె?" పుల్లన్న నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి గొంతు మారింది. "నువ్వు దిగకుంటే రైతు మనిద్దర్నీ పనికి రావద్దంటాడు. తాడు నేను పట్టుకుంటా. దిగు లింగన్నా."

ఈశ్వరప్ప బిత్తరపోయాడు. లింగన్న పుల్లన్నకు జోడీగా పనిచేసినవాడు. రెండేళ్ల కిందట బావిలో పడి చనిపోయాడు. తాగి కాలు జారాడని ఊరికి చెప్పింది పుల్లన్నే.

జనంలోంచి లింగన్న భార్య చెన్నమ్మ లేచింది. "తాడు తెగిందా?"

పుల్లన్న అవునన్నట్టు తలూపాడు.

"నా మొగుడు తాగలేదా?"

"లేదు చెన్నమ్మా. వద్దన్నాడు. నేనే దింపినా. రైతు ఇట్లా చెప్పమన్నాడు, చెప్పినా."

"తాగుబోతు బిడ్డలని నా పిల్లోల్లను ఊరంతా అంటాంటే, నా అరుగు మీదే కూసోని వింటాంటివి కదప్పా!"

ఆమె ఏడవలేదు. అక్కడే మట్టిలో కూలబడింది.

మర్నాడు అంజనమ్మ పుల్లన్నను పోలీసుల దగ్గరికి తీసుకుపోయింది. నాటకంలో అన్న మాటలకు కేసు రాసుకుంటామా అని వాళ్లు పంపేశారు. ఆ వారమే లింగన్న పడిన బావి రైతు మనుషులు పుల్లన్న రెండు చేతులూ విరిచారు. అతను భార్యతో బెంగళూరు పోయాడు.

అంజనమ్మ నాటకాలు ఆపేసింది. మనసులో ఉన్నది దాచవద్దని ఇన్నేళ్లు నేర్పింది. అట్లా మనసులోది బయటపెట్టినవాడు ఇంటికి పోయాక ఏమవుతాడో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఎనిమిది నెలల తర్వాత చెన్నమ్మ వచ్చింది. "నాకూ నేర్పు టీచరమ్మా."

"జరిగింది చాలదా?"

"ఆ పొద్దు వాడు నోరు తెరవకుంటే నా మొగుడు ఈ పొద్దుకీ తాగుబోతే. అది నలుగుర్లో వినాల్సి వచ్చిందని నీ మీద కోపం పోలేదు. అయినా నేర్చుకుంటా."

అంజనమ్మ మళ్లీ మొదలుపెట్టింది. కానీ ఎవరినైనా నిలబెట్టే ముందు, ఏ సంగతి జోలికి పోకూడదో అడిగి తెలుసుకునేది. 1985 నాటికి చెన్నమ్మే పక్క ఊళ్ల ఆడవాళ్లకు నేర్పుతోంది. పుల్లన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు.