చాంగుణాబాయి తిట్లు

వర్సోవా చేపల బజారుకు కత్తిపీటల చప్పుడుతోనే తెల్లారుతుంది. పడవల నుంచి గంపలు దిగుతాయి, మంచుదిమ్మలు పగులుతాయి, నెత్తురు నీళ్ళు కాలువ కడతాయి. సముద్రం మగాళ్ళది, బజారు ఆడవాళ్ళది. బజారులో చోటు అత్త నుంచి కోడలికి వస్తుంది. కొడుక్కి అందులో జానెడు నేల కూడా రాదు.

ఆ బజారు నడిబొడ్డున చాంగుణాబాయి తాండేల్ కూర్చునేది. కన్నది ఒక్కణ్ణే అయినా ఊరంతా ఆమెను ఆయీ అనే పిలిచేది. ఆవిడ కేక వేస్తే అలీబాగ్‌లో లంగరు వేసిన పడవలు తాళ్ళు తెంపుకుని ఇటు వచ్చేసేవి. ఇక తిట్టిందంటే, తిట్టు తగిలేది. 'దగుల్బాజీ' అంటే చెంప మీద వేళ్ళు తేలేవి. 'నీ పాడె కట్ట' అంటే పక్కటెముక ఒకటి పోయినట్టే. వీధి చివర దవాఖానాలో కాంపౌండరు దెబ్బ చూడకుండానే "ఏ తిట్టు?" అని అడిగి, దానికి తగ్గ కట్టు కట్టేవాడు.

మొగుడు పడవను తాగేసి చచ్చాక ఆమె గంప ఎత్తుకుంది. మొదటి రోజే బావగారు ఆ గంపను కాలితో తన్నాడు. ఆ నోరు అప్పుడు పుట్టింది. బావగారి ముందు పళ్ళన్నీ గంపలోకే రాలాయి. వాటిని ఏరి పారేసి, చేపలు కడుక్కుని, పొద్దువాలే లోపు మొత్తం అమ్మేసింది. ఇప్పుడు వరసగా మంచుపెట్టెలు, సొంత టెంపో.

"ఇంత ఎలా సంపాదించావు ఆయీ?" అంటే, "ఆకలైతే పూటకి తీరిపోతుంది. అవమానం తీరదు. దానికి రోజూ మేత వెయ్యాలి" అనేది.

కోడలు శేవంతి ఆ మేత ఎప్పుడో వెయ్యడం మొదలుపెట్టింది. మొగుడు కాశీనాథ్ తాగి కొట్టిన మర్నాడు వాచిన కంటితో వచ్చి, వంజరం వెన్ను ఒక్క వేటుకు చీల్చేది.

"ఆ చేప నీకేం ద్రోహం చేసిందే?" అని పక్క చోటు బారకీ నవ్వేది.

"దీనిదీ మా ఆయన మొహమే పిన్నీ. నేనేం చెయ్యను?"

వరసంతా నవ్వేది, చాంగుణాబాయి తప్ప.

"లోకాన్నంతా తిడతావు అత్తా. నీ కొడుకుని ఒక్క తిట్టు తిట్టలేవా?" అని ఒకనాడు శేవంతి అడిగేసింది.

"కన్నతల్లి నోరే ఇది. తిట్టు రాదు. అది ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు."

"మరి ఆయన చెయ్యి ఎక్కడ తగులుతుందో తెలీదా?"

ముసలామె చేపను తిప్పి రెండో వైపు పొలుసులు గీకింది.

ఆమెకు మోకాళ్ళు పోయాయి. ఆ నారళీ పున్నమికి సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి, కోడల్ని తన చోట కూర్చోబెడతానని బజారులో చాటింది. పున్నమి ఇంకా రాకముందే కాశీనాథ్ వచ్చాడు. వెనకాల ఇనుప కడ్డీలతో మంచు వ్యాపారి బాబన్ శేఠ్ మనుషులు.

"లెండి! ఈ చోటు శేఠ్‌కి ఇచ్చేశాను."

కడ్డీలు లేచాయి. మంచుపెట్టెలు పగిలి చేపలు మురుక్కాలువలో పడ్డాయి. శేవంతి కత్తిపీట మీద నుంచి కదల్లేదు. కాశీనాథ్ ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. పట్టు కోసం చెయ్యి కత్తి మీద వేసింది, అరచెయ్యి రెండుగా చీలింది.

"నా చోటు" అంది.

"నీ చోటు పొయ్యి దగ్గర!"

అప్పుడు చాంగుణాబాయి నోరు విప్పింది. 'నీ నడుం విరగ' అన్న తిట్టుకు కిందికి వంగినవాడు మళ్ళీ నిటారుగా నిలబడలేదు. 'నీ మూతి పగల' అన్నది ముగ్గురికి కలిపి తగిలింది. కడ్డీలు వాటంతటవే ముడిపడ్డాయి. వారం పాటు రొయ్యలు కొన్నవాళ్ళంతా వాటిలోంచి మనుషుల పళ్ళు ఏరుకున్నారు.

చివరికి కొడుకొక్కడే మిగిలాడు, గుప్పిట్లో పెళ్ళాం జుట్టుతో. బారకీ చెవులు మూసుకుంది.

"తిట్టవే ముసలీ! దమ్ముంటే నన్ను తిట్టు!"

చాంగుణాబాయి కోడలి అరచేతిని చూసింది. కొడుకు మొహాన్ని చాలాసేపు చూసింది. తర్వాత, పొద్దున్నే ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది.

"ఏం కావాలి బాబూ? చందువలు తాజాగా ఉన్నాయి."

ఆ మాటా తగిలింది, ఒక్క చుక్క నెత్తురు మాత్రం రాలేదు. కాశీనాథ్ పిడికిలి వదులైంది. తన చేతిలో ఎవరిదో జుట్టు ఉండటం చూసి తెల్లబోయాడు. "ఏమనుకోకమ్మా" అని శేవంతికి చెప్పి పక్కకు తప్పుకున్నాడు. వంగి, ఒక చందువ మొప్ప ఎత్తి చూశాడు.

"జత ఎంత, ఆయీ?"

"ఆమెనడుగు. చోటు ఆమెది" అని చాంగుణాబాయి మోకాళ్ళు పట్టుకుని పక్కకు జరిగింది.

శేవంతి కొంగు చించి అరచేతికి చుట్టుకుని, అత్త చోట కూర్చుని ధర చెప్పింది. అతను బేరమాడాడు. ఆమె తగ్గలేదు. డబ్బిచ్చి, సంచీ చాచి, "స్టేషనుకి ఎటు వెళ్ళాలి?" అని అడిగాడు. బారకీ చెయ్యెత్తి దారి చూపించింది.

చాంగుణాబాయి తల తిప్పకుండానే అంది.

"కొసరు ఒకటి వెయ్యవే. చాలా దూరం పోయే మనిషిలా ఉన్నాడు."

శేవంతి వేసింది.