గలిజేరాకు కాపలా

టీబీ మాత్రలు కాలేయాన్ని కాలుస్తాయని ఎవరో చెవినేసినప్పటి నుంచి గంగులమ్మ తన కొడుకు కుప్పయ్యకు రోజూ గలిజేరాకు పప్పు వండిపెడుతోంది. ఆ ఆకు కడుపులో కాపలా ఉంటుందని ఆమె నమ్మకం. కోడలు అలివేలమ్మకు అత్త మాటల్లో సగం గిట్టవు గానీ ఈ ఒక్కటీ గిట్టింది. మూడు నెలల్లో కుప్పయ్యకు దగ్గు తగ్గింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మళ్లీ పనికి పోతున్నాడు.

ఒక్క పూట తప్పినా జబ్బు తిరగబెడుతుందనీ, మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దనీ మాత్రలిచ్చే ప్రేమానందం మొదట్లోనే చెప్పాడు. అలివేలమ్మ ఆ రెండు మాటలూ గట్టిగా పట్టుకుంది. మొగుడు ఎంత విసుక్కున్నా, అరచేతిలో మాత్రలు పెట్టి మింగేదాకా కదిలేది కాదు.

నాలుగో నెలలో కుప్పయ్యకు అన్నం సయించలేదు. రెండు రోజులు వాంతులు. గంగులమ్మ ఊరుకుంటుందా? కొడుకు మూత్రంలో నాలుగు బియ్యపు గింజలు వేసింది. గింజలు పసుపెక్కితే కామెర్లని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గింజలు పసుపెక్కాయి.

"మాత్రలు నిలిపెయ్ అలివేలూ. వానికి కామెర్లు."

"అది మాత్రల రంగత్తా. ప్రేమానందం ముందే చెప్పినాడు గదా. నిలిపితే మళ్లీ నెత్తురు కక్కతాడు."

అత్త ఆ గింజల్ని పెరట్లో పారబోసింది. తానే గెలిచానని అలివేలమ్మ కాస్త మురిసింది కూడా, పిచ్చిది. పప్పులో ఆకు రెట్టింపు వేసింది. మాత్రలు మాత్రం ఆపలేదు.

మూడోనాడు పొద్దున పెరట్లో ఎండకు కూర్చున్న మొగుడి కళ్లు చూసింది. తెల్లగుడ్డంతా పసుపు. ఆ రోజు మాత్రలు అప్పటికే మింగించేసింది.

చిత్తూరు బస్సులో అతని తల ఆమె భుజం మీద వాలిపోయింది. చెయ్యెత్తిన ప్రతి మనిషికీ బస్సు ఆపే డ్రైవర్ని ఆమె దారంతా లోలోపల తిట్టుకుంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ రెప్పలు విప్పి చూసి, మాత్రలన్నీ ఆపించి మంచం ఇప్పించింది. ఇంకో వారం మింగి ఉంటే మనిషి దక్కేవాడు కాదట. అలివేలమ్మ ఆకు సంగతి చెప్పింది. అది కొంత కాచిందేమో, అందుకే ఇన్నాళ్లు నిలిచాడేమో, తాను అవుననీ కాదనీ చెప్పలేనంది డాక్టరమ్మ.

"అయితే దాన్ని నమ్ముకుని మీరు మనిషిని చూడ్డం మానేశారు."

మీరు అన్నా, ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

మూడు వారాలకు కళ్లు తేటపడ్డాయి. మాత్రలు మళ్లీ మొదలుపెట్టక తప్పదు, లేకుంటే టీబీ తినేస్తుంది. ఒక్కో రకమే ఇస్తూ, రక్తం పరీక్ష చేస్తూ పోవాలి. మొదటి మాత్రను నర్సు అలివేలమ్మ చేతిలో పెట్టింది. ఆమెకు చెయ్యి లేవలేదు. కుప్పయ్యే అరచెయ్యి చాచాడు.

"ఇయ్యి. ఒంట్లో ఏందో చెడతా ఉండాదని నాకు అప్పుడే తెలస్తా ఉన్నింది. నువ్విస్తా ఉండావు గదా అని మింగినా."

అతను తిట్టినా బాగుండేదనిపించింది అలివేలమ్మకు. ఏడుస్తూనే మాత్ర ఇచ్చింది.