వేరు కాపురాల స్టవ్వు

నేను ఒక గ్యాస్ స్టవ్వును. ఒకే ఒక్క బర్నరు. దుకాణంలో రెండు బర్నర్లవాళ్లు, మూడు బర్నర్లవాళ్లు, నెత్తిన గాజు పలక ఉన్నవాళ్లు పై అరల్లో కూర్చునేవారు. నన్ను కింద, చీపుళ్ల పక్కన పెట్టారు. అయినా చెబుతున్నాను, వాళ్లలో ఎవరికీ నా అంత లోకానుభవం లేదు. వాళ్లు తలా ఒక ఇంట్లో చేరి, అదే పప్పు ఉడకబెట్టి ముసలివాళ్లయిపోయారు. నేను మాత్రం ఎన్నో ఉమ్మడి కాపురాలను చీల్చాను. కాగితం మీదే అనుకోండి.

నేను పుట్టింది హైదరాబాదులో, బాలానగర్‌లోని ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించిన మనిషి నా ముందు భాగాన 'సూపర్ డీలక్స్' అని స్టిక్కరు అంటించి, పక్కనున్నవాడితో "ఎన్ని దినాలుంటదో దేవునికే ఎరుక" అన్నాడు. నా గురించి అంత నిజాయితీగా మాట్లాడినవాణ్ణి మళ్లీ చాలాకాలం చూడలేదు.

లారీలో గుంటూరు వైపు వస్తుండగా నా నాబ్ విరిగిపోయింది. దుకాణదారు ఎక్కడో మూలపడిన టేబుల్ ఫ్యాను నాబ్ తీసుకొచ్చి నాకు తగిలించాడు. దాని మీద సున్నా నుంచి అయిదు దాకా అంకెలున్నాయి. కాకపోతే ఫ్యానుకీ నాకూ దారి వేరు. అయిదు మీద పెడితే ఆరిపోతాను, సున్నా మీద పెడితే భగ్గుమంటాను. అందుకని నన్ను ఎవరూ కొనలేదు. చివరికి పాత మిల్లు కాలనీ నుంచి పేరిందేవమ్మ వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, "వెలక్కపోయినా ఫర్వాలేదు, చూట్టానికి స్టవ్వులాగుంటే చాలు" అంది. అలా నాకు ఉద్యోగం దొరికింది.

ఆ ఉద్యోగమేమిటో చెబుతాను. సర్కారు దృష్టిలో కుటుంబమంటే పొయ్యి అని కాలనీవాళ్ల గట్టి నమ్మకం. ఒక పొయ్యి మీద వండుకుంటే ఒక కుటుంబం, రెండు పొయ్యిలుంటే రెండు. రెండు కుటుంబాలైతే రెండు రేషను కార్డులు, దాంతోపాటు వచ్చేవన్నీ రెండేసి. పేరిందేవమ్మకు పెళ్లయిన పెద్దకొడుకు ఉన్నాడు. వాణ్ణి వేరు పెట్టినట్టు చూపించాలంటే ఇంకో పొయ్యి కావాలి. ఆ పొయ్యిని నేను.

తహసీల్దారు ఆఫీసు నుంచి విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్‌ఐ ఏడుకొండలు గారు వచ్చిన రోజు నన్ను వరండాలో కూర్చోబెట్టారు. పక్కన ఖాళీ సిలిండరు. నెత్తి మీద, లోపలి పొయ్యి మీద కాగిన పులుసు గిన్నె. పెద్దకోడలు నాగరత్నం ఆ గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడింది. అన్నీ అనుకున్నారు గానీ, ఎందుకు వేరుపడ్డారని ఆయన అడుగుతారని మాత్రం ఎవరూ అనుకోలేదు. పేరిందేవమ్మ ఒక్క క్షణం తడబడి, "కూరల్లో ఉప్పెక్కువ పోస్తదండీ, మావల్ల కాలా" అనేసింది. ఆయన రాసుకుని వెళ్లిపోయారు. ఆయన సందు మలుపు తిరగకముందే పులుసు గిన్నె లోపలికెళ్లింది, అందరూ ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నారు. నాగరత్నం మాత్రం చాలా రోజులు అత్తగారితో మాట్లాడలేదు. ఉత్తుత్తి వేరు కాపురం దాదాపు నిజమయ్యేదే.

కార్డు వచ్చింది. ఆ సంగతి కాలనీ అంతా పాకింది. తర్వాత నన్ను ఎదురింటి సాంబ్రాజ్యం అడిగి పట్టుకెళ్లింది, ఆమె తోటికోడలు పట్టుకెళ్లింది, మిల్లు గేటు దగ్గర పిండిమర వాళ్లు పట్టుకెళ్లారు. ఎవరింట్లో విచారణ ఉంటే వాళ్ల వంటింట్లో నేను. తిరిగి వచ్చేటప్పుడు అద్దె కింద ఒక గిన్నెడు కూర నాతోపాటు వచ్చేది. నేనెక్కడా నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు. పెట్టినచోట కూర్చున్నాను, అంతే. కానీ మనసులో దిగులుండేది. ఇన్ని కాపురాలు నిలబెట్టినదాన్ని, ఒక్క పూట అన్నం వండలేదు. నా బర్నరు తళతళలాడుతుంటే ఆడవాళ్లు మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

అప్పుడు భ్రమర వచ్చింది. అసలు పేరు భ్రమరాంబ, పేరిందేవమ్మ ఇంటి వెనక ఒంటి గదిలో అమ్మమ్మతో ఉండేది. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి వేరే ఊళ్లో మంచి ఉద్యోగంలో ఉన్నాడు, అక్కడే మళ్లీ పెళ్లి చేసుకుని పిల్లల్ని కని, ఈ పిల్ల సంగతి మరిచిపోయాడు. అమ్మమ్మ కూడా పోయాక, పెద్ద కర్మ అయిన మర్నాడే మేనమామ వచ్చి, స్టవ్వూ సిలిండరూ మా అమ్మవి కదా అని ఆటోలో వేసుకుని వెళ్లాడు. భ్రమర ఆటో వంక చూస్తూ నిలబడింది. పేరిందేవమ్మ ఇంట్లోకి వెళ్లి నన్ను చంకనెత్తుకొచ్చి, పెద్దకొడుకు చేత గ్యాసున్న సిలిండరు మోయించుకొచ్చి ఆ పిల్ల గదిలో దించింది.

"ఉంచుకో. తిరగేసి తిప్పితే వెలుగుద్ది. తిరిగివ్వక్కర్లా."

ఆ రోజు నా మీద నిజంగా అన్నం పొంగింది. గంజి నా ఒళ్లంతా కారి, సూపర్ డీలక్స్ స్టిక్కరు ఊడిపోయింది. నా ఆనందం చెప్పనలవి కాదు.

భ్రమర డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పొద్దున కాలేజీ, సాయంత్రం ఒక మందుల దుకాణంలో పని. ఆ జీతం గది అద్దెకూ నాకూ సరిపోయేది. నాకు అంటే గ్యాసుకు. ఇంట్లో ఇంకెవరూ లేరు గనక వండుతున్నంతసేపూ నాతోనే మాట్లాడేది. అలా తెలిసింది నాకు ఆమె కష్టం. మొదటి ఏడు అమ్మమ్మ కార్డు మీద ఫీజు సర్కారే కట్టింది. ఇప్పుడు అమ్మమ్మతోపాటు ఆ కార్డూ పోయింది. కొత్తగా దరఖాస్తు పెట్టాలంటే ఆదాయం సర్టిఫికెట్ కావాలి. ఎవరి ఆదాయం? తండ్రిది. తండ్రి జీతం చూస్తే ఫీజు సాయం రాదు. ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇచ్చేది లేదని కాలేజీ వాళ్లు చెప్పేశారు. ఆఖరు తేదీ దగ్గర పడింది.

ఆఫీసులో గుమాస్తా "తండ్రి బతికేవున్నాడుగదమ్మా, ఆయన ఆదాయమే నీ ఆదాయం" అన్నాడట. "ఆ ఆదాయం మా గుమ్మం ఎప్పుడూ తొక్కలేదండీ" అందట ఈమె. గుమాస్తా పెదవి విరిచి, తండ్రితో సంబంధం లేదని ఆయన చేత రాయించుకు రమ్మన్నాడు. నా ముందు కూర్చునే తండ్రికి ఫోన్ చేసింది. మాటలు నాకు ఒకవైపువే వినిపించాయి, ఎక్కువసేపు వినపడలేదు కూడా. ఫోన్ పెట్టేసి ఉల్లిపాయ కోస్తూ నాతో అంది.

"ఫీజు కట్టు నాన్నా అంటే, నీకు నేనేమన్నా బాకీనా అంటాడు. సంబంధం లేదని రాసియ్యి అంటే, అదేం మాట, నేను నీ కన్నతండ్రినిగదా అంటాడు."

మీ మనుషుల్లో ప్రేమ ఎంత గొప్పదో అప్పుడే అర్థమైంది నాకు. ఖర్చు అక్కర్లేని చోట ఎంతైనా పొంగుతుంది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆమె ఎవరి మీదా ఆధారపడకుండా ఒంటరిగా వండుకు తింటోందని విచారణలో తేలితే, ఆమె పేరు మీదే సర్టిఫికెట్ ఇస్తారు. విచారణకు ఎవరొస్తారో తెలిసేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఏడుకొండలు గారే.

ఆయన వచ్చిన రోజు పొద్దున్నే గ్యాసు అయిపోయింది. నా ఖర్మ. ఉత్తుత్తి కాపురాల్లో నేను వెలగాల్సిన పని ఎప్పుడూ పడలేదు, తీరా ఉన్నది ఉన్నట్టు చూపాల్సిన రోజునే చల్లగా కూర్చున్నాను. భ్రమర అటుకులు పెరుగులో నానబెట్టుకుని తిని, గది ఊడ్చి, పుస్తకాలు సర్ది ఎదురుచూస్తోంది.

ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చారు. ఒక మంచం, ఒక పళ్లెం, దండెం మీద నాలుగు బట్టలు చూసి ఆయన మొహం మెత్తబడింది. తర్వాత నన్ను చూశారు. వంగి నా నాబ్ మీద అంకెలు చదివారు. లేచేసరికి మొహం గట్టిపడింది.

"ఈ స్టవ్వు ఎవరిదమ్మాయ్?"

"నాదే సార్."

"నీదా? దీన్ని పేరిందేవమ్మ వరండాలో చూశా. సాంబ్రాజ్యం వంటింట్లో చూశా. పిండిమర కాడ చూశా. మీ కాలనీ మొత్తం వేరుపడ్డానికి ఒకటే స్టవ్వా?"

"అప్పుడేం జరిగిందో నేనేం చెప్పను సార్. ఇప్పుడు మాత్రం దీని మీదే వండుకుంటన్నా."

"అయితే వెలిగించు."

"పొద్దునే గ్యాసైపోయింది సార్."

ఆయన నవ్వారు. అది వినాలనిపించే నవ్వు కాదు. "దీంట్లో గ్యాసుండంగా నేనెప్పుడు చూశాను గనక" అంటూ ఫైలు మూశారు. "తండ్రి మీద ఆధారపడి ఉందని రాస్తన్నా. ఏమనుకోవాకమ్మాయ్."

అప్పటికే గుమ్మం ముందు ఆడవాళ్లు పోగయ్యారు. అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు, ఆ పిల్లకెవరూ లేరు సార్, ఒక్కతే ఉంటది సార్, మేం సాక్ష్యం సార్ అని. ఏడుకొండలు గారు చెయ్యెత్తారు.

"మీరు ఎన్ని సాక్ష్యాలు చెప్పారో నా ఫైల్లో ఉన్నాయి. మీరు నోరు మూసుకుంటేనే ఆ పిల్లకి మేలు."

భ్రమర గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తోంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిన పేరిందేవమ్మ ముందుకొచ్చింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది. ఆ రెండో కార్డు బియ్యంతోనే మనవళ్లకు పొద్దుటి అట్లు, నాకు తెలుసు.

"సార్, ఆ స్టవ్వు నాదే. మా పెద్దోడు వేరుపడలా. మీరు సందు తిరిగిందాకే వేరు. ఆ కార్డు రద్దు చేసుకోండి, కేసైనా పెట్టుకోండి. నా కాడున్నప్పుడు అది అబద్ధం, ఈ పిల్ల కాడ నిజం. అంతే."

నాగరత్నం అత్తగారి వంక కళ్లప్పగించి చూసింది. వెనకనుంచి సాంబ్రాజ్యం గొంతు వినిపించింది.

"మాదీ అంతేనండీ. ఆరోజు నేనూ మా అత్తా తిట్టుకుంది నాటకమే."

పిండిమర ఆవిడ నోరు తెరవబోయింది. ఏడుకొండలు గారికి చెమటలు పట్టాయి.

"ఆగండమ్మా. ఇంకెవరూ నిజం చెప్పబాకండి."

ఆయన బాధ నాకు మాత్రమే అర్థమైంది. ఆ కాపురాలన్నీ వేరుపడ్డాయని విచారించి సంతకాలు చేసింది ఆయనే కదా. ఇప్పుడు నన్ను గుర్తుపడితే, అప్పుడు తాను మోసపోయానని రాసుకోవాలి. గుర్తుపట్టకపోతే ఆయన పాత సంతకాలూ నిలుస్తాయి, ఈ పిల్ల కూడా కడిగిన ముత్యంలా బయటపడుతుంది. ఆయన కర్చీఫ్‌తో మొహం తుడుచుకున్నారు. నా దగ్గరికొచ్చి, వేలితో నా అంచు గీకి చూశారు. గోరు కింద ఎండిన గంజి పొరలు పొరలుగా లేచింది. చాలాసేపు చూశారు దాన్ని.

"ఈ స్టవ్వును నేనింతకుముందు ఎక్కడా చూడలా" అని, ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టారు.

వెళ్లేటప్పుడు పేరిందేవమ్మ దగ్గర ఆగారు. "వేరుపడినోళ్లు కలవగూడదని రూలేం లేదమ్మా. ఆ రెండో కార్డు తీసుకొచ్చి, మళ్లీ కలిశామని చెప్పి ఆఫీసులో ఇచ్చెయ్యండి. మీ తోటోళ్లకి గూడా చెప్పండి."

ఆ నెలలో పాత మిల్లు కాలనీలో విడిపోయిన కుటుంబాలన్నీ ఒకదాని వెంట ఒకటి కలిసిపోయాయి. ఇంత ఐకమత్యం ఈ మండలంలో ఎక్కడా లేదని పెద్ద ఆఫీసరు ముచ్చటపడ్డారట. పేరిందేవమ్మ ఇంట్లో పొద్దుటి అట్లు తగ్గాయి, ఆమె విసుక్కుంది, కానీ నన్ను తిరిగివ్వమని అడగలేదు.

భ్రమరకు కాగితం ఆఖరు తేదీకి ముందే వచ్చింది. ఆఫీసులో అందుకుని, అటునుంచి అటే కాలేజీకి పరిగెత్తి ఇచ్చేసింది. దరఖాస్తు తీసుకున్నారు, హాల్ టికెట్‌కు అడ్డు లేదన్నారు. నకలు ఒకటి పట్టుకుని ఇంటికొచ్చి, నా మీద అన్నం గిన్నె పెట్టి, గదిలో గిరగిరా తిరిగింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. తర్వాత మంచం మీద కూర్చుని, ఇప్పుడు తీరిగ్గా, ఆ నకలు నాకు వినపడేలా పైకి చదివింది.

"కుటుంబ యజమాని, భ్రమరాంబ. సభ్యుల సంఖ్య, ఒకటి."

అక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్లూ దీనికోసమే తిరిగింది. ఎవరూ లేరని నమ్మండి, ఎవరూ లేరని రాయండి అని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఇప్పుడు నమ్మారు, రాశారు, ముద్ర కూడా వేశారు. ఆ ఒకటి వంక చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకు చేతులుంటే ఆమె తల నిమిరేదాన్ని. నాకున్నది మంట ఒక్కటే, అది అన్నాన్ని మాడ్చేస్తోంది, ఆపడం నా వల్ల కాలేదు.

మాడు వాసన పెరట్లోకి పోయింది. పేరిందేవమ్మ గొంతు వినిపించింది, వెనకే చెప్పుల చప్పుడు.

"అన్నం మాడతాంది, ఇంట్లో ఎవరూ లేరా?"

భ్రమర గబగబా కళ్లు తుడుచుకుని లేచింది.

"ఉన్నానత్తా. యజమానిని."

గట్టిగా అంటూనే నా నాబ్‌ను అయిదు మీదికి తిప్పి, నన్ను ఆర్పింది.