ఇరవై నాలుగుకూ ఐదుకూ మధ్య

ఆ రోజు తప్పు నాదేనా అన్న సందేహాన్ని తొమ్మిదేళ్లు మోశాను. నేను ఒక ఆప్టోకప్లర్‌ను. చింతగింజంత నల్లటి ముక్క, నాలుగు కాళ్లు. నా కడుపులో ఒక పక్క చిన్న దీపం, దానికి ఎదురుగా ఒక కన్ను. రెంటికీ మధ్య తీగ లేదు. ఇరవై నాలుగు వోల్టుల వైపు నుంచి కబురు వస్తే దీపం వెలుగుతుంది. కన్ను చూసి ఐదు వోల్టుల వైపుకు చెబుతుంది. ఆ రెండు వైపులా కరెంటు తిరిగి వెళ్లే దారులు, అంటే గ్రౌండ్లు కూడా వేరు. కబురు దాటాలి, కరెంటు దాటకూడదు. దేవుడు నాకు పెట్టిన పని ఇంతే.

మిర్యాలగూడ దగ్గర ఒక బియ్యం మిల్లులో, ధాన్యం ఆరబెట్టే డ్రైయర్ బోర్డు మీద నన్ను కూర్చోబెట్టారు. వేడి హద్దులో ఉన్నంతసేపూ నా దీపం వెలగాలి. ఆరితే బోర్డు డ్రైయర్‌ను ఆపేస్తుంది. ఆ బోర్డు ఉన్న ప్యానెల్‌ను చూసుకునే ఆపరేటర్ అండాలు. దానికి బొట్టు పెట్టనిదే స్విచ్ వేసేది కాదు.

కోతల కాలంలో ఒక మధ్యాహ్నం నా దీపం ఆరింది, డ్రైయర్ ఆగింది. గేటు బయట లారీలు బారులు తీరాయి. సేటు కేకలకు ఎలక్ట్రీషియన్ బిక్షమయ్య పరుగున వచ్చాడు. ఏది మొరాయించినా దాన్ని తప్పించి తీగ కలిపేయడమే ఆ మిల్లులో వైద్యం. డైరెక్ట్ ఇవ్వడం అంటారు. నన్నూ అలాగే ఊడదీసి, నా చోట తీగ కలిపాడు.

“అన్నా, నడుమ దాన్ని ఇడిసిపెట్టి వైరేస్తే ఏం గాదా?” అంది అండాలు.

“కరెంటుకు గోత్రాలుంటయా అక్కా? సీజన్ అయినంక సూద్దాం.”

గంట నడిచింది. పెద్ద మోటారు స్టార్ట్ కాగానే దాని కరెంటు విసురు ఆ తీగ వెంట వచ్చి బోర్డును కాల్చింది. ప్యానెల్ తెర మీద వేడి అంకె కదలకుండా నిలిచిపోయింది, డ్రైయర్ మాత్రం ఆగలేదు. అండాలు ఆ అంకెనే నమ్మింది. వాసన వచ్చేసరికి లోపలి ధాన్యం మాడిపోయింది.

సేటు వచ్చేలోగా బిక్షమయ్య తీగ పీకి జేబులో పెట్టుకున్నాడు. అండాలు నరసింహస్వామి మీద ఒట్టేసి తీగ సంగతి చెప్పింది. ఏదీ తీగ, అన్నాడు సేటు. బిక్షమయ్య జేబు మీది చెయ్యి తీయలేదు. డ్యూటీలో నిద్రపోయిందని ఆమెను తీసేశారు. ఆ మాట మిల్లులన్నీ తిరిగింది. మళ్లీ ఎవరూ ఆమెను ప్యానెల్ దగ్గరికి రానివ్వలేదు. అబద్ధం దాటడానికి మనుషుల మధ్య నా వంటిది అక్కర్లేదు.

నేను అప్పటినుంచీ బిక్షమయ్య మరమేకుల డబ్బాలో పడి ఉన్నాను. మొన్న ఎవరిదో బోర్డు బాగుచేస్తూ నన్ను తీసి మీటరు పెట్టాడు. దీపం వెలిగింది, కన్ను చూసింది. ఆనాడు ఊడింది కాలి దగ్గరి టంకం మాత్రమే. ముక్కే చెడిపోయింది, నేనేం చేయను అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాడేమో, చేతిలోని బోర్డును పక్కన పెట్టేశాడు. తర్వాత నన్ను చొక్కా జేబులో వేసుకుని బయల్దేరాడు.

అండాలు మరో మిల్లులో పదిమంది ఆడవాళ్లతో కూలికి నూకలు చెరుగుతోంది. జుట్టంతా తవుడు. అతను పక్కన గొంతుక్కూర్చుని, ఆ రోజు తప్పు తనదేనని మెల్లగా చెప్పాడు. ఆమె చేట ఆపలేదు.

“నాకెందుకు చెప్తున్నవన్నా? నాకు ఎరుకే గదా. వీళ్లకు చెప్పు.”

బిక్షమయ్య లేచి నిలబడ్డాడు. చేటలు ఒక్కొక్కటే ఆగాయి.

“అండాలక్క నిద్రపోలే. వైరేసింది నేను, తీసి దాసింది నేను,” అన్నాడు, చివరి ఆమెకు కూడా వినబడేలా.