ఎడమ తొట్టి నీళ్లు

సూర్యకుమారి పరీక్ష పేపర్లు దిద్దడానికి వాల్తేరు వెళ్తూ నాకు ఇరవై నాలుగు ఆల్చిప్పలు అప్పగించింది. ఎనభై ఆరు, మే నెల. వేసవికి కాలువలకి నీళ్లు కట్టేసి పదిహేను రోజులైంది.

ఆ అమ్మాయి అమలాపురం కాలేజీలో జువాలజీ చెబుతూ మా ఇంటి వీధి గదిలో అద్దెకుండేది. పాఠాలయ్యాక పరిశోధన. ఆల్చిప్ప లోపల డొప్పకి ఆనుకుని పల్చటి పొర ఒకటి ఉంటుందట. ప్రావారం అంటారట. డొప్పని కట్టేదీ, ముత్యం పోసేదీ ఆ పొరేనట. దాన్ని ఒక చిప్పలోంచి బియ్యపుగింజంత కోసి ఇంకో చిప్ప ఒంట్లో పెడితే బతుకుతుందా, బతకదా? మూడేళ్లుగా ఆ పిల్ల తిండీ నిద్రా అదే.

మా నూతి పక్కన రెండు సిమెంటు తొట్లు పెట్టింది. ఎడమ తొట్టిలో పన్నెండు చిప్పలకి గాటు పెట్టి, పరాయి ముక్క లోపల ఉంచింది. కుడి తొట్టిలో పన్నెండిటికి వట్టి గాటు.

"రెండు తొట్లనీ ఒక్కలాగే చూడండి మామ్మగారూ. రోజూ సగం నీళ్లు తోడేసి చెరువు నీళ్లు పొయ్యండి. అంతకుమించి ఏం చెయ్యకండి."

"ఎప్పుడొస్తావు?"

"ఆరో రోజుకి."

ఎప్పుడో మా అక్క కామాక్షి పదో రోజుకి వస్తానని చెప్పి, గోదావరి దాటడానికి పంటెక్కింది. అవతలి ఒడ్డున కలరా ఉందని ఎవరికీ తెలియదు. మళ్లీ రాలేదు. అప్పటినుంచీ ఎవరైనా రోజు చెప్పి వెళ్తే నాకు భయం. ఆ భయమంతా ఈసారి చిప్పల మీద పడింది. తెల్లారగానే లెక్కపెట్టేదాన్ని. మడి కట్టుకునేలోగా రెండోసారి లెక్కపెట్టేదాన్ని.

మూడో రోజు చెరువు అడుగంటి నీళ్లు ఒండ్రులా వచ్చాయి. మా ఇంట్లో అలాంటి నీళ్లు తేర్చకుండా ఎవరికీ ఇచ్చి ఎరగం. ఇండుపగింజ సాన మీద అరగదీసి బిందెలో కలిపితే పూటలో మట్టి అడుక్కి దిగిపోతుంది. ఎడమ తొట్టి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఒంట్లో పరాయి ముక్క పెట్టుకుని ఈ బురదలోనా! ఓ గింజ అరగదీసి కలిపాను. మధ్యాహ్నానికి తొట్టి అడుగు కనబడింది. నాకెంత నెమ్మదించిందో! మర్నాడూ అదే చేశాను.

అయిదో రోజు పొద్దున్న ఎడమ తొట్టిలో అయిదు చిప్పలు నోళ్లు తెరిచి ఉన్నాయి. బతికున్నది తాకితే మూసుకుంటుందని అమ్మాయి చెప్పింది. చీపురుపుల్లతో తాకాను. ఒక్కటీ మూసుకోలేదు. నూతి గట్టు మీద కూర్చుండిపోయాను.

కాలువల్లో గుల్ల ఏరి సున్నం కాల్చే సత్తియ్య అటుగా పోతూ వాసన పట్టి ఆగాడు.

"ఇదేంటండి మామ్మగోరూ, నీళ్లు అద్దంలా ఉన్నాయి?"

"తేర్చాను. ఇండుపగింజ వేసి."

"ఎంత పని చేసేరండి! ఆటి కూడంతా ఆ మకిల్లోనే కదండీ. కంచం కడిగేసి బోంచెయ్యమన్నట్టుంది. పోన్లెండి, నా బట్టీకి పనికొస్తాయి."

"నోరు ముయ్యి! పోయి రెండు బిందెలు మురికి నీళ్లు తే."

"ఆయ్" అని నవ్వుకుంటూ వెళ్లాడు. ఆ నీళ్లు పోశాను. ఆరో రోజుకి పోయినవి ఎనిమిదయ్యాయి. కుడి తొట్టిలో పన్నెండూ నిక్షేపంలా ఉన్నాయి.

సూర్యకుమారి చెప్పిన రోజుకే వచ్చింది. సంచీ దించకుండానే తొట్టి దగ్గర చతికిలబడింది. పోయినవాటిని చాకుతో ఒక్కొక్కటే విప్పి చూసి, నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. కాఫీ ఇస్తూ ఏం రాశావని అడిగాను.

"పరాయి ముక్కని ఒళ్లు ఒప్పుకోలేదని రాశానండి. కుడి తొట్టిలో ఒక్కటీ పోలేదు కదా. ఇదీ ఓ ఫలితమే. జూన్‌లోగా థీసిస్ రాసిచ్చేస్తే గడువులో అయిపోతుంది. మళ్లీ మొదట్నించీ చెయ్యడానికి వాల్తేరు వెళ్లక్కర్లేదు. మీ వంట తింటూ ఇక్కడే ఉంటాను."

ఉంటానంది. ఆ మాట కోసం నేను ఏమైనా చేసేదాన్నే. గింజ సంగతి సత్తియ్యకి తప్ప ఎవరికీ తెలియదు. వాడినెవరడుగుతారు?

కానీ ఆ వాక్యం అచ్చవుతుంది. పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మి బతికినదాన్ని. ఎక్కడో నాలాంటిది ఇంకొకర్తె దాన్ని చదివి నమ్ముతుంది. ఆ పూట అన్నం సయించలేదు. ఆ పిల్ల రెండో ముద్ద కలుపుతుంటే చెప్పేశాను.

చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"ఎన్ని గింజలు?"

"రెండు రోజులూ రోజుకొకటి."

"కుడి తొట్టిలో ఎందుకు వెయ్యలేదు?"

"వాటికేం, వట్టి గాటేగా, మానిపోతుంది. వీటి ఒంట్లో ఇంకొకరి ముక్క ఉందని... జాలేసింది."

నవ్వింది. ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రెండిట్లోనూ వేసినా బాగుండేదండి మామ్మగారూ! ఇప్పుడు ఆ ముక్క చంపిందో, మీ జాలి చంపిందో ఎలా చెప్పను?"

చెయ్యి కడుక్కుని ఆ వాక్యం కొట్టేసింది. ప్రొఫెసరుగారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసింది. మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నాలుగో రోజున తనంతట తనే వచ్చి, కాఫీలో పంచదార ఎక్కువైందని దెబ్బలాడింది.

ఉత్తరం వేసిన పదకొండో రోజున జవాబొచ్చింది. ఏడాది గడువిచ్చారు. అయితే ఇంటి తొట్లలో ఇంక వద్దు, సెలవు పెట్టి వాల్తేరు వచ్చి లాబొరేటరీలో మళ్లీ మొదలుపెట్టమన్నారు.

మిగిలిన పదహారు చిప్పల్నీ తడి గోనెలో కట్టింది. బస్టాండుకి నేనూ వెళ్లాను. ఎండలో బస్సు అరగంట కదల్లేదు. గోనె ఆరిపోతుందేమోనని నా గాభరా. పక్కన సోడా బండి దగ్గర చెంబెడు నీళ్లడిగి తెచ్చి, కిటికీలోంచి ఆమె ఒళ్లో ఉన్న గోనె మీద పోశాను.

"ఏవండీ మామ్మగారూ, బస్సులో నీళ్లేంటండీ!" కండక్టరు కేకలేశాడు. పక్కసీటావిడ చీర దులుపుకుంది.

"లోపలిదాకా తడిసిందా?" అని అరిచాను.

బస్సు కదిలింది. సూర్యకుమారి తలూపిందో, ఆ కుదుపుకి ఊగిందో తెలియలేదు.