గొప్ప చెప్పుకోని వాళ్ళు

"దరఖాస్తు రాయడం ఒక్క సాయంత్రం పనేగా లియోనీ, నీకు అలవాటే కదా!" అన్నాడు దోల్ఫస్, నేను పిండి పిసుకుతుంటే నా భుజం మీదుగా టీ కెటిల్ అందుకుంటూ. దోల్ఫస్ నా మొగుడు, ఉత్తరపు మంచు అడవుల్లోని మా నది ఒడ్డు కళాసంఘానికి అధ్యక్షుడు. దానికి కార్యదర్శిని నేను, జీతం లేదు. వంటమనిషినీ నేనే, దానికీ లేదు. సమావేశాలన్నీ మా వంటింట్లోనే జరుగుతాయి, ఎందుకంటే పొయ్యి ఇక్కడుంది, పొయ్యి దగ్గర నేనుంటాను.

కళలకి డబ్బు సాయం చేసే కళామండలి వాళ్ళు ఈసారి సంఘానికి ఒక్క దరఖాస్తే తీసుకుంటామన్నారు. మగవాళ్ళకి డప్పులు పట్టుకుని దక్షిణాన జరిగే పెద్ద ఉత్సవానికి వెళ్ళాలని ఉంది. మా ఆడవాళ్ళకి ఆకులు రాలే కాలంలో నది పక్కన గుడారాలు వేసుకుని మూస్ దుప్పి తోళ్ళు పదును చేసే శిబిరం పెట్టుకోవాలని ఉంది. మాది ఆగే పని కాదు. మా అత్త మద్‌లెన్ కుడిభుజం పోయిన చలికాలం నుంచి సగమే లేస్తోంది. గీకడం, తోలు మెత్తబడేందుకు దుప్పి మెదడు పట్టించి నానబెట్టడం, పిండడం మేమూ చేస్తాం. కానీ ఏ పుచ్చుకర్రతో పొగ పెట్టాలో, తోలు ఏ రంగుకి తిరిగినప్పుడు దించాలో మాకింకా నమ్మకం లేదు, ఆవిడకే తెలుసు. అది చెబితే వచ్చేది కాదు, పక్కన నిలబడి చూడాలి. ఈ ఏడు చూడకపోతే ఇంకెప్పుడూ చూడలేమని నా భయం.

"తోలు పని కళేంటి వదినా, ఇంటి పని కదా!" అన్నాడు మరిది అల్ఫోన్స్. మా అత్త కుట్టిన మొకాసిన్ తోలుజోళ్ళు తొడుక్కుని, నేను కాల్చిన బానక్ రొట్టె తింటూ అన్నాడు. వాళ్ళు వాయించే డప్పులకి బిగించిన కారిబూ జింక తోలు ఎవరు గీకారని నేనడగలేదు. "అయినా పోయినేడు రాశావుగా, చూశాంగా," అని నవ్వాడు. అందరూ నవ్వారు, దోల్ఫస్ కూడా.

పోయినేడు రాసింది నిజమే. ప్రధాన కళాకారిణి అనుభవం గురించి చెప్పమన్నారు. వెళ్ళి మా అత్తనడిగాను. ఆవిడ తోలు మీంచి తలెత్తకుండా, "ఇంకా నేర్చుకుంటున్నానని రాయి," అంది. మా దగ్గర పని తెలిసినవాళ్ళెవరూ తెలుసని చెప్పుకోరు. చెప్పుకుంటే అడవి వింటుందని, ఆ ఇంటికి వేట రాదని భయం. నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను, నాకూ అది సబబుగానే తోచింది, ఉన్నదున్నట్టు రాసి పంపాను. జవాబొచ్చింది. మీ శిక్షకురాలు ప్రారంభ దశలోనే ఉన్నట్టు కనిపిస్తోంది కనుక ఇవ్వలేమట. అప్పట్నుంచి మా అత్తని అల్ఫోన్స్ "ప్రారంభ దశ" అనే పిలుస్తున్నాడు.

మగవాళ్ళు వెళ్ళిపోయాక గిన్నెలు తోముతూ ఆలోచించాను. దోల్ఫస్ మాత్రం తన గురించి ఏనాడైనా చెప్పుకున్నాడా? లేదు. "నాదేముందే, మా నాన్న కొట్టినట్టు కొడతాను," అంటాడు. కానీ ఆ మాట ఏ దరఖాస్తులోనూ లేదు. ఉత్తరాదిలో సాటిలేని డప్పు కళాకారుడని, తరాల పాటల్ని గుండెలో మోస్తున్నవాడని రాసింది నేను. పెళ్ళాం చెబితే గొప్పలు కావు కాబోలు, అడవికి కూడా అభ్యంతరం లేదు. మరి అత్త దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఎందుకు రాశాను? ఆవిడ గురించి చెప్పడం కూడా నా పనేనని నాకెందుకు తట్టలేదు? నా మీద నాకే కోపం వచ్చింది. చేతులు తుడుచుకుని కళామండలికి ఫోన్ చేశాను. సంఘమే అక్కర్లేదట, ముగ్గురు కలిసి జట్టుగా పెట్టుకున్నా చాలట.

మర్నాడు మా అత్త ఇంటి వెనక, తోలు బిగించిన చట్రం దగ్గర కూర్చున్నాం.

"అత్తయ్యా, నీ గురించి ఈసారి నిన్నడగను. నాకు తెలిసింది నేను రాస్తాను."

"రాసుకో. నా చెవిన పడకుండా రాసుకో."

"నీతో పాటు నేర్పే మనిషి గురించి కూడా రాయాలట. అది నేనే. ఇంకా నేర్చుకుంటున్నానని రాసేదా?"

ఆవిడ ఎముకతో చేసిన గీకుడుబద్ద పక్కన పెట్టింది. కాపురానికొచ్చినప్పట్నుంచీ నేను చేసిన తోలుకి ఆవిడ పెట్టిన పేరు అట్టముక్క. మళ్ళీ అదే అంటుందనుకున్నాను.

"అలా కాదే, ఇలా రాయి. పోయిన వేసవిలో నా కోడలు పొగ పెట్టిన తోలు ముక్కుకి ఆనించుకుంటే నేను చేసిందే అనుకున్నాను. నాది కాదని తెలియడానికి కుట్టు వెతుక్కోవాల్సొచ్చింది. అలా రాయి."

"అవునా! ఒక్కసారైనా చెప్పలేదేం అత్తయ్యా?"

"నీకెందుకు చెబుతాను? చెడిపోతావు. వాళ్ళకి చెబుతున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. సాయంత్రం అత్త, ఆడబిడ్డ సెలీన్, నేను, మా ముగ్గురి పేర్లతో దరఖాస్తు పంపించేశాను.

దోల్ఫస్‌కి భోజనాల దగ్గర చెప్పాను. చేప ముళ్ళు ఏరడం ఆపాడు.

"మరి మాది?"

"నువ్వు రాసుకో. సంఘం దరఖాస్తు సంఘానికే ఉంది, నేను ముట్టుకోలేదు."

"నాకు రాదే అది!"

"పాతవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి, చూసి రాయి."

పాతది తెరిచాడు. "ఉత్తరాదిలో సాటిలేని..." అని పైకి చదవబోయి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఏంటిది లియోనీ? ఇన్నేళ్ళూ ఇదా పంపింది? ఇది నా చేత్తో నేనెలా రాసుకుంటాను, సిగ్గు లేకుండా! ఊళ్ళో తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అల్ఫోన్స్‌ని రాయమను."

"వాడా? వాడు నా గురించి మంచి మాట చెబుతాడా!"

నేను గిన్నెలు తీసి పెట్టాను. నా కప్పులో టీ పోసుకుని చాలా రోజుల తర్వాత కూర్చుని తాగాను. అతను రెండు వేళ్ళతో కొడుతున్నాడు, చెరుపుతున్నాడు, మళ్ళీ కొడుతున్నాడు. చివరికి కంప్యూటర్ నా వైపు తిప్పాడు, పరీక్ష కాగితం చూపించే పిల్లాడిలా.

మీ కళానుభవం గురించి వివరించండి, అన్న చోట ఒకటే వాక్యం ఉంది. ఇంకా నేర్చుకుంటున్నాను.

"బానే ఉందా?" అన్నాడు.

"నీ గురించి నువ్వు చెప్పుకోవాల్సింది అంతే," అన్నాను. దిద్దలేదు.